డ్యూటీ దిగాక వేసే బొమ్మలు

ప్రశ్న: నేను జనరల్ సర్జరీలో పీజీ రెండో ఏడు చదువుతున్నాను. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేదాన్ని. ఎంట్రన్స్ చదువుల్లో పడ్డాక మానేశాను. కొన్ని నెలల క్రితం యాక్సిడెంట్ కేసులో ఒక కుర్రాడు వచ్చాడు. ఆపరేషన్ చేశాం గానీ బతకలేదు. బయట వాళ్ళ నాన్నకు చెప్పే పని నా మీద పడింది. ఆ రాత్రి రూముకొచ్చాక నిద్ర పట్టలేదు. పాత ప్రింటవుట్ల వెనకవైపు పెన్నుతో ఏదో గీశాను. తెల్లారేసరికి కాస్త తేలిగ్గా అనిపించింది. అప్పట్నుంచి డ్యూటీ దిగాక గీస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా గొడవలు ఇవీ. ఆ కుర్రాడి ముఖమే మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను, వేసిన ప్రతిసారీ మనసు ఇంకా బరువెక్కుతోంది. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ ఆ కాయితాలు చూసింది. వాటిలో మా ప్రొఫెసర్‌కి కోరలు పెట్టాను, నన్ను నేను కళ్ళు లేకుండా వేసుకున్నాను. అమ్మ హడలిపోయి సైకియాట్రిస్టుకు చూపించుకోమంటోంది. నా కో-పీజీ ‘ఆ టైమ్‌లో రెండు టాపిక్‌లు చదువుకోవచ్చు కదా’ అంటాడు. ఫ్రెండేమో ‘ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టు, డాక్టర్ వేసిన బొమ్మలంటే జనం ఎగబడతారు’ అంటోంది. అన్నిటికన్నా ఏడిపిస్తున్నది ఏమిటంటే, స్కూల్లో వేసినంత బాగా కూడా ఇప్పుడు వేయలేకపోతున్నాను. ఇదంతా నిజంగా ఉపయోగమా, లేక పని నుంచి పారిపోవడమా? పేరు వేయకండి.

జవాబు:

డాక్టరుగారూ,

ముందు ఆ కుర్రాడి ముఖం సంగతి చూద్దాం. మిగతా గొడవలన్నీ దాని తర్వాతే.

మొదటి రాత్రి గీస్తే తేలికైంది. ఇప్పుడు అదే పని చేస్తుంటే బరువెక్కుతోంది. లోపం మీలోనే ఉందని మీరు అనుకుంటున్నట్టున్నారు. బాధను కాయితం మీద పెట్టేస్తే తీరిపోతుందని అందరం నమ్ముతాం కాబట్టి, తీరకపోతే మనకే చేతకాలేదనుకుంటాం. ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టి చూసినవాళ్ళున్నారు. జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అని అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. కొంతమందికి ఒక విషాద సినిమా ముక్క చూపించి, ఆ వెంటనే బొమ్మ వేయమన్నారు. కొందరు తమలో రేగిన బాధనే వేయాలి. మిగతావాళ్ళు దానితో ఏ సంబంధమూ లేనిది వేయాలి. తర్వాత మూడ్ ఎలా ఉందో కొలిస్తే, సంబంధం లేనిది వేసినవాళ్ళే ఎక్కువ తేరుకున్నారు. పిల్లలతో చేసినప్పుడూ అంతే. తమకు ఎదురైన చేదు సంగతిని గీసిన పిల్లలకన్నా, ఊరికే ఒక ఇల్లు గీసిన పిల్లల మనసు ఎక్కువ కుదుటపడింది.

బొమ్మ వేస్తే వచ్చే ఊరటలో చాలా భాగం, కాసేపు మన ధ్యాస ఇంకోచోట ఉండటం వల్లే వస్తోందన్నమాట. మీ మొదటి రాత్రి గురించి మీరేం రాశారో చూడండి. ‘ఏదో గీశాను’ అన్నారు. ఆ ‘ఏదో’ ఏమిటో మీకే సరిగ్గా గుర్తున్నట్టు లేదు. చేయి కదిలింది, కన్ను గీత వెంట పోయింది, తెల్లారింది. ఇప్పుడు అలా లేదు. పెన్ను పట్టుకోకముందే ఏం వేయాలో ఖాయమైపోయి ఉంటోంది.

బ్రిటన్ నాయకుడు చర్చిల్ సంగతి వినే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గలీపోలీ దాడి ఘోరంగా విఫలమై 1915లో నౌకాదళ మంత్రి పదవి ఊడింది. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు. మనిషి బాగా కుంగిపోయాడు. ఆ వేసవిలోనే మొదటిసారి కుంచె పట్టుకున్నాడు. ఆ తర్వాత జీవితాంతం వేశాడు, మొత్తం 500కు పైనే. వాటిలో ఎక్కువ భాగం నీళ్ళు, చెట్లు, కొండలు, గోడ మీద పడ్డ ఎండ. మనకు ఆయన మీద ప్రేమ పొంగుకు రావడానికి కారణాలేమీ లేవు, బెంగాల్ కరువును మర్చిపోలేం. కానీ అంత దెబ్బ తిన్నవాడు కాన్వాసు ముందు నిలబడి దేనివైపు చూశాడన్నది మీకు పనికొచ్చే విషయం.

అలాగని బాధ జోలికే పోవద్దని కాదు. ఇంకో ప్రయోగం దీనికి ఎదురుగా కనిపిస్తుంది. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన పరిశోధన. కాలేజీ విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. ఇంకొందరు తమ జీవితంలో బాగా కలచివేసిన ఘటన గురించి, జరిగింది జరిగినట్టు, దాని మీద తమకేమనిపించిందో కూడా కలిపి రాశారు. రాసిన వెంటనే ఈ రెండోవాళ్ళ మూడ్ పాడైంది. అయితే ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్యం బాగాలేక కాలేజీ క్లినిక్కుకు వెళ్ళడం వాళ్ళలో తగ్గింది. తర్వాత ఎంతోమంది ఇదే పద్ధతిని మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. సగటున వచ్చే లాభం చిన్నదే, కానీ ఉంది. ఎవరికి ఎక్కువ మేలు జరిగిందని ఆ రాతలు తిరగేస్తే, రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరుగుతూ వచ్చినవాళ్ళకు. మొదటి రోజు రాసిన కథ నాలుగో రోజుకు అదే కథగా మిగల్లేదు.

మీకు కావాల్సిన పరీక్ష ఇక్కడే ఉంది. ఆ కుర్రాడి బొమ్మలన్నీ తీసి, వేసిన వరసలో నేల మీద పరవండి. బొమ్మ బొమ్మకీ ఏదైనా మారుతోందా? వెనక గోడ వచ్చిందా, లైటు వచ్చిందా, అతని చేయి వచ్చిందా, పక్కన మీరు వచ్చారా? మారుతుంటే లోపల ఏదో పని జరుగుతోంది, బరువుగా ఉన్నా సాగనివ్వచ్చు. అన్నిట్లోనూ అదే ముఖం, అదే వైపు, అదే కళ్ళు అయితే ఆపాలి. గాయం గురించి నేను మీకు చెప్పేదేముంది. కట్టు అస్సలు విప్పకపోయినా చీము పడుతుంది, గంటకోసారి విప్పి చూస్తున్నా మానదు. మీరు రెండోది చేస్తున్నారని నా అనుమానం.

ఇంకో అనుమానం కూడా ఉంది. తప్పయితే వదిలేయండి. మీ ఉత్తరంలో ఆ కుర్రాడు రెండు చోట్ల వచ్చాడు. వాళ్ళ నాన్న ఒక్క వాక్యంలో వచ్చి పోయాడు. ‘చెప్పే పని నా మీద పడింది’ అని రాసి అక్కడితో దాటేశారు. ఏం చెప్పారు, ఆయన ఏమన్నాడు, మీ చేతులు ఎక్కడ పెట్టుకున్నారు, తర్వాత ఎంతసేపు అక్కడ నిలబడ్డారు, ఏమీ లేదు. ఆపరేషన్ థియేటర్లో మీ చుట్టూ మనుషులున్నారు, పెద్ద డాక్టర్లున్నారు, చేయగలిగింది చేశారు. తలుపు బయట మీరొక్కరే. మిమ్మల్ని నలుపుతున్నది ఆ తలుపు బయట జరిగింది కావచ్చు. కుర్రాడి ముఖం వేయడం దానికన్నా తేలిక కాబట్టి చేయి అటే పోతోందేమో.

అందుకని నేను చెప్పేది ఇదీ. కొన్ని వారాలపాటు ఆ ముఖం వేయకండి. వేసినవి చింపకండి, ఒక కవర్లో పెట్టి బీరువాలో పడేయండి. మర్నాడు డ్యూటీ లేని రోజులు చూసుకుని, నాలుగుసార్లు పావుగంట చొప్పున కూర్చుని, ఆ తలుపు బయట జరిగింది రాయండి. బొమ్మ వద్దు, మాటల్లోనే. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు. రాసిన సాయంత్రం దిగాలుగా ఉంటుందని ముందే తెలుసుకోండి, అది మామూలే. నాలుగుసార్లు అయ్యాక ఆపేయండి. రాస్తుంటే తట్టుకోలేనట్టు అనిపిస్తే మాత్రం మధ్యలోనే ఆపేయొచ్చు, పూర్తి చేసి తీరాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. ఇంకో పని. మీ సీనియర్లలో కాస్త మనసున్నవాళ్ళను ఒకరిని పట్టుకుని, ‘మీరు మొదటిసారి ఇలాంటి మాట చెప్పినప్పుడు ఏమైంది?’ అని అడగండి. ఎలా కోయాలో, ఎలా కుట్టాలో చూపించినంత ఓపిగ్గా ఈ మాట ఎలా చెప్పాలో చాలాచోట్ల ఎవరూ చూపించరు. చేసి చేసి నేర్చుకున్నవాళ్ళు మీ పక్కనే ఉన్నారు, అడిగేవాళ్ళు లేక చెప్పరు.

బొమ్మలు మాత్రం మానకండి. ఏం వేయాలంటారా? మీ ఎడమ చేయి వేయండి. డ్యూటీ దిగి వచ్చి కుర్చీలో కూలబడగానే, దాన్ని బల్ల మీద పెట్టి చూడండి. మణికట్టు చుట్టూ గ్లవ్ అంచు నొక్కుకున్న ఎర్ర గీత ఇంకా ఉంటుంది. చాలాసేపు గ్లవ్‌లో చెమట పట్టిన వేళ్ళ కొసలు ముడతలు పడి తెల్లబారి ఉంటాయి. స్క్రబ్ చేసి చేసి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పొడిబారి సన్నగా పగిలి ఉంటుంది. గోళ్ళు చివరంటా కత్తిరించి ఉంటాయి. పెన్ను మొన కాయితం మీద ఆనించి, ఇక కాయితం వైపు చూడకండి. చూపు బొటనవేలి అంచు మీద పెట్టి, ఆ అంచు వెంట కన్ను ఎంత మెల్లగా పాకితే పెన్నూ అంతే మెల్లగా పాకాలి. తొందరపడితే కుదరదు. ఒక్క చేయి చుట్టూ తిరిగొచ్చేసరికి బాగానే సమయం పడుతుంది, ఆ కాసేపూ తలలో ఇంకోదానికి చోటుండదు. బొమ్మలు నేర్పేచోట ఇది పాత సాధన. దీన్లో నాకు నచ్చే గుణం ఒకటుంది: ఫలితం ఎప్పుడూ వికారంగానే వస్తుంది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, బొటనవేలు ఎక్కడో తేలుతుంది. ఎంత గొప్ప చిత్రకారుడు వేసినా అంతే కాబట్టి, బాగా రాలేదని ఏడవడానికి వీలుండదు.

చేయి అయ్యాక చెప్పులు. చెప్పుల తర్వాత తలుపు కొక్కేనికి వేలాడే కోటు, దాని జేబులోంచి బయటికి కారిన స్టెతస్కోపు గొట్టం. బాధకు ప్రతీకలు వెతకొద్దు. కోటును కోటుగానే వేయండి.

స్కూల్లో వేసినంత బాగా వేయలేకపోతున్నాననే దిగులు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇన్నేళ్ళు చేయి ఆగిపోయింది, కన్ను ఆగలేదు. ఇన్నేళ్ళలో మీరు ఎన్నో మంచి బొమ్మలు చూశారు, శరీరాలు లోపలికంటా చూశారు. స్కూలు పిల్లకు తన బొమ్మలో కనిపించని తప్పులు ఇప్పుడు మీకు కనిపిస్తున్నాయి. చేయి సాధనతో కొంత తిరిగొస్తుంది, రాకపోయినా మీ అవసరానికి లోటేమీ లేదు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్, ఆమె సహచరులు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. 39 మంది పెద్దవాళ్ళకు మట్టి, రంగు పెన్నులు, అతికించుకునే కాయితాలు ఇచ్చి, 45 నిమిషాలు మీ ఇష్టం వచ్చింది చేసుకోమన్నారు. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిచారు. నలుగురిలో ముగ్గురికి అది తగ్గింది. ఇంతకుముందు కళతో పరిచయం ఉన్నవాళ్ళకీ, లేనివాళ్ళకీ ఆ తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదనీ, ఒక్క సిట్టింగే అనీ మీరు వెంటనే పట్టేస్తారు, పీజీ కదా. నిజమే. దీన్ని మందుచీటీలా పట్టుకుని తిరగమనడం లేదు. చేయి తిరిగినవాళ్ళకే ఊరట దొరుకుతుందన్న భయం మాత్రం అక్కర్లేదని చెప్పడానికి ఇది చాలు.

పైగా ఒక్కటి ఆలోచించండి. మీరు స్కూల్లో చేరినప్పట్నుంచి చేసిన ప్రతి పనికీ ఎవరో మార్కులేశారు. ర్యాంకులు, ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, థీసిస్, రేపు ఫైనల్స్. ఆపరేషన్ బల్ల దగ్గర కూడా మీ ముడి ఎలా ఉందో ఇంకొకరు చూస్తూనే ఉంటారు, చూడాలి కూడా. మార్కుల పట్టికకు అందని పని మీ జీవితంలో ఇదొక్కటే మిగిలింది. దాన్ని కూడా మీ అంతట మీరే తీసుకెళ్ళి పట్టికలో ఎక్కిస్తున్నారు, అదీ చిన్నప్పటి మీతో పోటీ పెట్టి.

ఫ్రెండ్ చెప్పిన పేజీ గురించి నా మాట సూటిగా: ఇప్పుడు వద్దు. రోగి బొమ్మలు అసలే వద్దు, ఇప్పుడైనా ఎప్పుడైనా. పేరు రాయకపోతే చాలనుకుంటారు. చచ్చిపోయిన పిల్లాడి తండ్రికి పేరు అవసరమా? కనుబొమ మీద గాటు చాలు, తేదీ చాలు. కేసు గురించి మాట్లాడటానికి వర్తించే గోప్యతే బొమ్మకూ వర్తిస్తుంది, మీ హాస్పిటల్ కూడా అలాగే చూస్తుంది. ఇక చేతులు, చెప్పుల బొమ్మలకు అలాంటి అడ్డు లేదు. వాటికి నా అభ్యంతరం వేరు. పేజీ పెట్టిన రోజు నుంచి మీరు పెన్ను పట్టుకున్నప్పుడల్లా భుజం మీంచి ఎవరో తొంగి చూస్తున్నట్టుంటుంది. నలుగురికీ నచ్చినదాన్నే మళ్ళీ వేయబుద్ధవుతుంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చి ‘పోస్ట్ పెట్టి వారమైంది’ అని కంగారు పడతారు. మీకు ఇంకో డ్యూటీ దేనికి? రెండేళ్ళ తర్వాత చూపించాలనిపిస్తే అప్పుడు చూపించండి, బొమ్మలు ఎక్కడికీ పోవు. అంతగా ఒకరికి చూపించాలనిపిస్తే ఒక్కరికి చూపించండి. బొమ్మ చూసి ‘ఎంత బాగుందో’ అనేవాళ్ళకంటే, చూసి ఊరుకోగలిగేవాళ్ళకైతే మేలు.

ఇక అమ్మగారి భయం. కోరల ప్రొఫెసర్‌ని చూసి ఆమె హడలిపోవడంలో వింత లేదు. కానీ మీరు ఒంటరివారు కాదు. అమెరికాలో పెన్ స్టేట్ మెడికల్ కాలేజీలో మైకేల్ గ్రీన్ అనే డాక్టరు చివరి ఏడాది విద్యార్థులకు కామిక్స్ కోర్సు ఒకటి నడిపారు. వైద్యం చదివేటప్పుడు మీకు ఎదురైనదేదైనా బొమ్మల కథగా వేయండి అంటే, వాళ్ళు వేసిన వాటిలో హారర్ సినిమాను తలపించేవి చాలా వచ్చాయి. తమ మీది అధికారులు రాక్షసులు, హాస్పిటల్ చీకటి కొట్టు, నిద్రలేక తూలుతున్న తాము బతికున్న శవాలు. ఆయన, డేనియల్ జార్జ్ కలిసి దాని మీద 2015లో ‘జామా’ వైద్య పత్రికలో రాశారు. ఈ పిల్లలకు పిచ్చెక్కిందని వాళ్ళు అనలేదు. చదువు చెప్పే తీరులో, పెద్దవాళ్ళు పిల్లలతో మాట్లాడే తీరులో ఏదో తేడా ఉందని ఆ బొమ్మలు చెబుతున్నాయన్నారు. కోరలు మీ ప్రొఫెసర్‌వి. రోగలక్షణం మీదని ఎందుకనుకోవాలి? (ఆ ఒక్క కాయితం మాత్రం హాస్టల్ గదిలో జాగ్రత్తగా దాచుకోండి. కళాస్వేచ్ఛ వేరు, ఇంటర్నల్ మార్కులు వేరు.)

కళ్ళు లేకుండా వేసుకున్న బొమ్మ గురించి అంత తేలిగ్గా మాట్లాడను. బొమ్మను చూసి రోగం చెప్పేవాళ్ళను నేను నమ్మను, ఆ ఒక్క బొమ్మతో నేనూ ఏమీ తేల్చను. బొమ్మ పక్కన పెట్టి, మీరు రోగులను అడిగే ప్రశ్నలే మిమ్మల్ని మీరు అడుక్కోండి. సెలవు రోజున, ఫోను మోగని చోట పడుకున్నా నిద్ర పట్టడం లేదా? ఆ కుర్రాడు మీరు పిలవకుండానే, కళ్ళు తెరిచి ఉండగానే కళ్ళ ముందుకు వస్తున్నాడా? ఇంకో యాక్సిడెంట్ కేసు వస్తోందంటే ఒళ్ళు చల్లబడుతోందా, తప్పించుకోవడానికి సాకులు వెతుకుతున్నారా? నిద్రకో, నిలబడటానికో మాత్రలు మీకు మీరే రాసుకుంటున్నారా? ఇదివరకు నవ్వు తెప్పించినవి ఇప్పుడు ఏమీ అనిపించడం లేదా? లేకుండా పోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా? చివరిదానికి జవాబు అవునైతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇవాళే ఒకరికి చెప్పండి, ఇవాళే డాక్టర్ని కలవండి. మిగతావాటిలో రెండు మూడు అవునన్నా అమ్మగారు చెప్పిన పని చేయండి. ఆమె కారణం పొరపాటు కావచ్చు, సలహా పొరపాటు కాదు. మీ హాస్పిటల్లోనే చూపించుకుంటే మాట బయటికి పొక్కుతుందని డాక్టర్లు జంకుతారు, ఆ జంకుతోనే ఆలస్యం చేస్తారు. వేరేచోట చూపించుకోండి. ఏ జవాబూ అవును కాకపోతే అమ్మగారికి ఆ ప్రశ్నలూ జవాబులూ చెప్పండి, కోరల బొమ్మ గురించి వాదించడం కన్నా అది ఆమెకు ధైర్యం.

కో-పీజీకి పెద్దగా జవాబు అక్కర్లేదు. ఒళ్ళు తెలియకుండా అలసిపోయిన ఆ వేళ చదివే రెండు టాపిక్‌లు మర్నాటికి ఎన్ని గుర్తుంటాయో అతనికీ తెలుసు. టైమ్ గురించే అయితే, విలియం కార్లోస్ విలియమ్స్ అని న్యూజెర్సీలో ఒక డాక్టరు ఉండేవాడు. నలభై ఏళ్ళకు పైగా ప్రాక్టీసు చేశాడు, పురుళ్ళే వేల సంఖ్యలో పోశాడు. ఒక రోగి వెళ్ళి ఇంకో రోగి వచ్చేలోపు ప్రిస్క్రిప్షన్ కాయితాల మీద కవిత్వం గిలికేవాడు. అమెరికన్ కవిత్వంలో ఆయన పేరు చెప్పకుండా దాటలేరు. మీరు అంత కావాలని కాదు, రెండు పనుల మధ్య సందులో కూడా ఇది పడుతుందని. బల్ల, ఈజిల్, రంగుల పెట్టె అన్నీ అమర్చుకుని మొదలుపెడదాం అనుకుంటే ఎప్పటికీ మొదలవదు. కోటు జేబులో పట్టే పుస్తకం, వార్డులో వాడే బాల్ పెన్ను చాలు. బాల్ పెన్నుతో ఇంకో సౌకర్యం, చెరపడానికి వీల్లేదు.

మీ పక్షాన మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళతో కొంచెం జాగ్రత్త. ‘కహాల్‌ని చూడు’ అంటారు. స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ చిత్రకారుడవుదామనుకున్నాడు, తండ్రి పట్టుబట్టి వైద్యం చదివించాడు. చివరికి మెదడు కణాలను మైక్రోస్కోపులో చూసి ఆయన వేసిన బొమ్మలు న్యూరోసైన్స్‌కి పునాది అయ్యాయి, 1906లో నోబెల్ వచ్చింది. అద్భుతమైన కథే. ‘బొమ్మలేస్తే చేతికి నిలకడ వస్తుంది, సర్జన్‌కి మంచిది’ అని కూడా అంటారు. వస్తే రానివ్వండి. కానీ అది కారణంగా పెట్టుకున్నారంటే, మీ బొమ్మ కూడా సర్జరీకి అసిస్టెంట్‌గా చేరిపోయినట్టే. కహాల్ వేసినవి పని బొమ్మలు. మీరు వేస్తున్నవి పని కానివి. పని కానిదాన్ని కాసేపు చేసుకునే హక్కు ఎవరికైనా ఉంది, దానికి ఉపయోగం చూపించి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు.

పారిపోవడమా అని అడిగారు. అవును, పారిపోవడమే, కాసేపు. పారిపోయి తిరిగొచ్చాక వార్డులోకి అడుగు పెట్టగలుగుతున్నారా అన్నదొక్కటే చూసుకోండి. తిరిగి వెళ్ళగలుగుతుంటే సరే. వెళ్ళబుద్ధి కాక, పిలిచినా వినబడనట్టు గీస్తూ కూర్చుంటే అప్పుడు ఆలోచించాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రాత్రి పగలు ఆపకుండా సాగే డ్యూటీలను ఏ బొమ్మా తగ్గించదు. మనుషులు చాలక, నిద్ర చాలక నలుగుతున్న పిల్లలకు కొన్ని సంస్థలు ‘ఒత్తిడి నిర్వహణ’ అంటూ రంగులేసుకునే వర్క్‌షాప్ ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటాయి. రంగులు వేసుకోండి, తప్పేం లేదు. డ్యూటీల పట్టిక (రోస్టర్) గురించి అడగడం మాత్రం మానకండి, ఒక్కరుగా కాకుండా నలుగురూ కలిసి. అలాగే నిద్రకూ బొమ్మకూ మధ్య ఒకటే ఎంచుకోవాల్సిన రాత్రి వస్తే నిద్రే. కళ్ళు మూసుకుపోతుంటే కాయితం ముందు కూర్చోవడం ఇంకో రకం హింస.

రోజూ వేయాలని నియమం పెట్టుకోకండి. ఫైనల్స్ ముందు నెలల్లో ఒక్క గీత కూడా పడకపోవచ్చు, పడకపోతే పడలేదు. పరీక్షలయ్యాక పుస్తకం తెరిచి, ఆ రోజు తేదీ వేసుకుని, ఎదురుగా ఏది కనిపిస్తే దాంతో మొదలుపెట్టండి. ఆ కవరు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి. తెరవాలని మీకు నిజంగా అనిపించిన రోజున, పగటిపూట తెరవండి, పక్కన ఎవరైనా ఉండగా.